పాత ఎఫ్‌ఎన్ 1910కి స్పేర్ మ్యాగజైన్: ఎక్కడ, ఎంతలో, ఏది నమ్మొచ్చు?

పెన్నా ఒడ్డు (కడప జిల్లా)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్న దగ్గర ఎఫ్‌ఎన్ బ్రౌనింగ్ 1910 పిస్టల్ ఉంది, .32 బోరు. ఆయనకు డెబ్బై దాటాక నా పేరు మీదికి మార్పించుకున్నాం. పోయిన ఏడాది లైసెన్స్ పుస్తకం చేతికొచ్చింది. పిస్టల్ వయసుకు తగ్గట్టు బాగానే ఉంది, బాధంతా మ్యాగజైన్‌తోనే, అదే పిడిలో దూర్చే తూటాల డబ్బాతో. ఉన్నది ఒక్కటి. ఏడు తూటాలు నింపి రేంజ్‌లో కాలిస్తే మొదటి నాలుగూ చక్కగా ఎక్కుతాయి. ఐదోదో ఆరోదో ముక్కు కిందికి వాల్చి, చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ముందున్న ఏటవాలుకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. నాలుగుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు ఇదే తంతు.

ఇద్దరు డీలర్లను అడిగాను. ఒకాయన పాత ఒరిజినల్ ఒకటుంది, 18 వేలు అన్నాడు. ఇంకొకాయన 6 వేలకు కొత్తదే ఇస్తానన్నాడు గానీ దాని మీద ఏ గుర్తూ లేదు, ఎవరు చేశారంటే చెప్పడు. ఏది తీసుకోవాలి? ఆరు వేలవి రెండు కొనుక్కున్నా ఆరు వేలు మిగులుతాయి కదా అని మా బావమరిది లెక్క చెబుతున్నాడు.

టవర్ క్లాక్ (అనంతపురం)

1910 అంటే మామూలు పిస్టలా అన్నా! 1914లో సరాయెవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చింది దాంతోనే, కాకపోతే అది .380 బోరు. దాని దెబ్బకు ప్రపంచ యుద్ధం మొదలైంది. మీది ఐదో తూటాకే ఆగిపోతోందంటే లోకానికి మంచిదేలే.

సరదాకన్నాను, ఏమనుకోకండి. బావమరిది లెక్కను మాత్రం నమ్మకండి. మా ఇంట్లో బోరు మోటారుకు చవక కెపాసిటర్లు కొని మూడు వేసవులు అదే లెక్క వేశాం.

బెల్ ఆఫ్ ఆర్మ్స్ (కర్నూలు)

నేను పోలీసు ఏఆర్‌ (ఆర్మ్‌డ్ రిజర్వ్)లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేసి రిటైరయ్యాను. మా చేతుల మీదుగా ఎక్కువగా పోయింది ఇషాపూర్ 9 ఎంఎం, పదమూడు తూటాల మ్యాగజైన్. మీ పిస్టల్ వేరే అయినా మ్యాగజైన్‌కు వచ్చే రోగాలు ఎక్కడైనా అవే.

పెన్నా ఒడ్డు గారూ, మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగు బాగా అణిగి ఉంటుంది కాబట్టి తోపు ఎక్కువ. తూటాలు తగ్గేకొద్దీ స్ప్రింగు సాగుతుంది, తోపు తగ్గుతుంది. స్ప్రింగు బలం పోయినా, లోపల తూటాలను పైకి నెట్టే పలక ఎక్కడైనా పట్టేసినా, పైకి రావాల్సిన తూటా స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగం) వచ్చే వేళకు అందుకోదు. ముక్కు వాలుతుంది. అందుకే మొదటివి బాగుండి చివరివి మొరాయిస్తున్నాయి.

అదే పైన ఉండే రెండు అంచులు, మేం లిప్స్ అనేవాళ్లం, అవి విచ్చుకుపోయి ఉంటే కథ వేరేగా ఉంటుంది. తూటా ముందే ఎగిరి బయటికొస్తుంది, లేదా రెండు ఒకేసారి వచ్చి ఇరుక్కుంటాయి. దానికి చివరి తూటా, మొదటి తూటా అని తేడా ఉండదు. మీది అది కాదనే నా అనుమానం.

కాబట్టి కొనే ముందు మీ దగ్గరున్నదాన్నే ఒకసారి చూపించండి. ఒక ప్రశ్న: మ్యాగజైన్‌కు ఏ నూనె వేస్తారు?

పెన్నా ఒడ్డు

సార్, చాలా థ్యాంక్స్. నూనె సంగతి నాన్ననే అడిగాను. నలభై ఏళ్లుగా కొబ్బరినూనేనట. దసరా ఆయుధపూజ రోజున పిస్టల్ తుడిచి, మ్యాగజైన్‌లో కూడా రెండు చుక్కలు వేసి, పసుపు కుంకుమ పెట్టి మళ్లీ బీరువాలో పెట్టేవారు.

బెల్ ఆఫ్ ఆర్మ్స్

అనుకున్నా.

కొబ్బరినూనె కొత్తలో బాగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి జిగురవుతుంది. మన సీమ దుమ్ము దానికి తోడైతే ఇక చెప్పనక్కర్లేదు, లోపల లప్పం పెట్టినట్టే. పైగా నూనె కారి తూటా వెనక మందు అంటించే క్యాప్‌లోకి దిగితే తూటా పేలకపోవచ్చు కూడా. మ్యాగజైన్ లోపలికి అసలు నూనె అక్కర్లేదు. పొడిగా తుడిచి, తుప్పు రాకుండా గన్ ఆయిల్ అద్దిన గుడ్డతో పైపైన ఒకసారి రాస్తే చాలు.

అడుగు రేకు ఊడేదైతే పని సులువు. పాతవాటిలో చాలా వాటికి అది ఊడి రాదు, స్ప్రింగు పైనుంచే తీయాలి. దాన్ని ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టి కెలకొద్దు. అంచులు వంగితే ఉన్నదీ పోతుంది. రిపేరుకు లైసెన్స్ ఉన్న గన్ హౌస్‌కే ఇవ్వండి.

అశని ఓనర్ (తాడిపత్రి)

నాది ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ అశని పిస్టల్, అదీ .32నే. నాలాంటివాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. పిస్టల్ ఎవరు చేశారో మ్యాగజైనూ వాళ్లదే దొరుకుతుంది. డీలర్ దగ్గర ఒకటి అదనంగా తీసుకున్నా, బిల్లు మీద లైసెన్స్ నంబరు వేయించుకున్నా, అయిపోయింది. అది కూడా పెట్టగానే సరిపోలేదు. ముందు కొంచెం బిగుతుగా ఉండి, బటన్ నొక్కితే జారేది కాదు. డీలరే వేరేది మార్చి ఇచ్చాడు.

అన్నా, పాత విదేశీ పిస్టళ్ల వాళ్ల కష్టం వేరు. ఎనభైల నడుమ నుంచి మామూలు జనానికి తుపాకుల దిగుమతి ఆగిపోయింది కదా, అప్పటికి దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. మ్యాగజైన్లూ అంతే, ఉన్నవాటిలోనే వెతుక్కోవాలి. అందుకే 18 వేలు అడుగుతారు. ఆ రేకు ముక్క విలువ అంత కాదు, దొరక్కపోవడానికి ఆ ధర.

డల్లాస్ సీమోడు (సొంతూరు ఆదోని)

ఇది చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఇక్కడ షాపులో గోడ నిండా మ్యాగజైన్లు వేలాడుతుంటాయి, టూత్‌బ్రష్‌లు కొన్నట్టు కొంటారు. వాల్తర్ పీపీకే పిస్టల్ మ్యాగజైన్ కూడా అలాగే దొరుకుతుంది.

ఇక్కడివాళ్ల అనుభవం చెబుతా. ముందు పిస్టల్ కంపెనీదే. అది లేకపోతే మెక్‌గార్. ఇటలీ కంపెనీ, చాలా పిస్టల్ కంపెనీలకు ఒరిజినల్ మ్యాగజైన్లు చేసిచ్చేది వాళ్లే, కాబట్టి పేరొక్కటే తేడా. ప్రోమ్యాగ్ చవక, కానీ దాని మీద జనం రెండుగా చీలిపోయి కొట్టుకుంటారు. ఎప్పుడో ఆగిపోయిన పిస్టళ్లకు ట్రిపుల్ కె వాళ్లు చేస్తారు. అవి కొన్నిసార్లు నేరుగా కూర్చుంటాయి, కొన్నిసార్లు కాస్త సవరించుకోవాలి. స్ప్రింగు ఒక్కటే కావాలంటే ఉల్ఫ్ అని పెన్సిల్వేనియా కంపెనీ ఉంది.

సంక్రాంతికి వస్తున్నా. ఒకటి సూట్‌కేసులో పడేసుకొస్తే ఏమవుతుంది?

గండికోట (మోడరేటర్)

డల్లాస్ బ్రదర్, ఆ పని చేయొద్దు. ఇది సలహా అనుకోకండి, ఈ వేదిక నియమం.

1959 ఆయుధ చట్టం నిర్వచనంలోనే తుపాకీ అంటే దాని విడిభాగాలు కూడా. దిగుమతికి లైసెన్స్ ఉండాలి. అమెరికా నుంచి బయటికి తీసుకురావడానికి వాళ్ల ఎగుమతి నిబంధనలు వేరే. ఖాళీ రేకు డబ్బానే కదా అని మీకనిపిస్తుంది, స్కానర్ దగ్గర కూర్చున్నాయనకు అలా అనిపించదు. బ్యాగు మూలలో మరిచిపోయిన ఒక్క తూటాకే విమానాశ్రయాల్లో కేసులవుతున్నాయి, పేపర్లో చూస్తూనే ఉన్నాం.

ఇంకో మాట ఎవరైనా అనకముందే చెబుతున్నా. లేత్ పనివాడికి నమూనా ఇచ్చి చేయించుకోవడం గురించి ఇక్కడ చర్చ ఉండదు. చేయడానికే కాదు, రిపేరుకూ అమ్మకానికీ అదే చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్స్ కావాలి. అలాంటి పోస్టులు తీసేస్తాను.

కొలిమి (ధర్మవరం)

మోడరేటర్ గారు నా పోస్టు తీసేశారు, సరే. నేను చెప్పబోయింది ఇంతే: ఆ ఆరు వేల మ్యాగజైన్ కూడా అలా ఎక్కడో లేత్ మీద పుట్టిందే అయ్యుంటుంది. పేరు లేదు, ఊరు లేదు. అది మరి చట్టబద్ధమా?

గండికోట

మంచి ప్రశ్న. అందుకే బిల్లు అడగండి. ఎవరు చేశారో బిల్లు మీద రాయడానికి డీలర్ వెనకాడితే అక్కడితో ఆపేయండి. పొరపాటు ఎవరిదైనా లైసెన్స్ పుస్తకం మీ పేరు మీదుంది, పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

ఇరవై ఐదు మీటర్లు (కర్నూలు, ప్రస్తుతం హైదరాబాద్)

నేను .22 స్పోర్ట్ పిస్టల్ కాలుస్తాను. మా పోటీల్లో సిరీస్‌కు ఐదు గుళ్లే, కాబట్టి మ్యాగజైన్‌లో ఐదే పెడతాం. అయినా కిట్‌లో మూడు మ్యాగజైన్లు ఉంటాయి. ఆపద్ధర్మానికి కాదు, తప్పు ఎవరిదో తేలడానికి.

పెన్నా ఒడ్డు గారూ, ఒక్క మ్యాగజైన్ ఉన్నవాళ్ల సమస్యే ఇది. జామ్ అయితే తప్పు పిస్టల్‌దా, తూటాదా, మ్యాగజైన్‌దా అని తేల్చలేరు. రెండోది పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. నా మూడింటికీ అడుగున మా చెల్లి నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను: ఒకటి, రెండు, మూడు. కోచ్ చూసి నవ్వాడు. నెల తిరక్కుండానే నోట్‌బుక్‌లో తేలింది, ఆగిన ప్రతిసారీ రెండు చుక్కలదే. మొన్నటిదాకా నేను నా మణికట్టును తిట్టుకుంటున్నా.

ఇంకోటి, తూటాలు పెట్టే తీరు. మా .22కు వెనక అంచు పొడుచుకొచ్చి ఉంటుంది. మీ .32 తూటాకీ కొంచెం ఉంటుంది, సెమీ రిమ్ అంటారు. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక్కి జారి కూర్చుంటే రెండూ ఒకదానికొకటి తగులుకుని కదలవు, మ్యాగజైన్ ఎంత మంచిదైనా లాభం లేదు. ముక్కు దగ్గర గుంత ఉండే హాలో పాయింట్ తూటాలు పొడవు తక్కువ కావడంతో లోపల ముందూ వెనకా కదిలే సందు ఎక్కువ, వాటితోనే ఈ గొడవ ఎక్కువ. మొద్దు ముక్కు మామూలు తూటాలు వాడి చూడండి.

పెన్నా ఒడ్డు

ఇది నాకు తెలియదు. నేను పెట్టేటప్పుడు వరసగా నొక్కేసుకుంటూ పోతున్నా. తూటాలు మాత్రం మామూలువే, హాలో పాయింట్ కాదు.

దేవుని కడప (కడప)

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ ఎవరూ అడగలేదు: రెండో మ్యాగజైన్ ఎందుకు మీకు? బీరువాలో ఉండే పిస్టల్‌కు ఏడు తూటాలు చాలవా? నిజంగా అడుగుతున్నా, ఎగతాళి కాదు. మన జిల్లా పేరు చెప్పగానే బయటివాళ్లు ఎలా చూస్తారో తెలుసు కదా. పెళ్లిచూపులకు వెళ్లినా బాంబుల గురించే అడుగుతారు.

పెన్నా ఒడ్డు

అడగాల్సిన మాటే అన్నా. ఈ పిస్టల్‌కు మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు, సేఫ్టీ అలా పెట్టారు. అంటే ఉన్న ఒక్కటీ పాడైతే అది పేపర్ వెయిటే. పద్నాలుగు తూటాలు కాల్చాలని కాదు, ఏడు నమ్మకంగా కాలిస్తే చాలు.

బెల్ ఆఫ్ ఆర్మ్స్

సేఫ్టీ మాటెత్తారు కాబట్టి: మ్యాగజైన్ తీశాం కదా, ఇక పేలదు అని ఎప్పుడూ అనుకోవద్దు. వందేళ్ల నాటి డిజైన్, లోపలి ముక్క అరిగి ఉండొచ్చు. మ్యాగజైన్ తీయాలి, స్లైడ్ లాగాలి, చాంబర్‌ను కంటితో చూడాలి. చీకట్లో అయితే వేలు పెట్టి చూడాలి. సర్వీసులో మేం చూసిన ప్రమాదాల్లో సగం ‘ఖాళీ’ పిస్టళ్లవే.

అశని ఓనర్

దేవుని కడప గారికి నా నుంచి ఇంకో జవాబు. 2024 ఎన్నికలప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేయమన్నారు కదా. మార్చిలో కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్‌లో గానీ వెనక్కి రాలేదు. మా చిన్నాన్నది పాత వాల్తర్ పీపీ. ఆయన ఒక స్టేషన్‌లో పిస్టల్, రెండు మ్యాగజైన్లు ఇచ్చాడు. రసీదులో ‘పిస్టల్ ఒకటి’ అని మాత్రమే రాశారు. ఆయనా చూసుకోలేదు. తిరిగిచ్చేటప్పుడు పిస్టల్ ఉంది, అందులో ఉన్న మ్యాగజైన్ ఉంది, విడిగా ఇచ్చింది లేదు. అడిగితే రసీదు చూపించారు. దాంట్లో లేనిది ఎక్కడ అడుగుతాడు?

అప్పటినుంచి ఆయన కాగితం మీద తనే రాసుకెళ్తున్నాడు: పిస్టల్ 1, నంబరు ఇది, మ్యాగజైన్లు ఇన్ని, తూటాలు ఇన్ని. దాని మీద సంతకం పెట్టించుకున్నాకే కుర్చీలోంచి లేస్తాడు. స్టేషన్ వద్దనుకుంటే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరా డిపాజిట్ చేయొచ్చు, అద్దె కట్టాలి.

టవర్ క్లాక్

మీ చిన్నాన్నకు ఆ పీపీ మ్యాగజైన్ దొరికిందా తర్వాత?

అశని ఓనర్

దొరికింది, అదో కథ. బెంగళూరులో ఒక డీలర్ ‘వాల్తర్‌ది’ అని ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే లోపలికి పోయింది గానీ లాక్ పడలేదు. తీరా చూస్తే పీపీకేది. పీపీది ఎనిమిది తూటాల పొడుగు పిడి, పీపీకేది ఏడు తూటాల పొట్టి పిడి. ‘వాల్తర్ .32’ అని అడిగితే డీలర్ చేతికి ఏదొస్తే అది ఇస్తాడు. మీ బ్రౌనింగ్‌కూ ఇదే చిక్కు: 1910 మోడల్‌ది ఏడు తూటాలు, 1922 మోడల్‌ది తొమ్మిది. పేరు చెప్పి ఫోన్‌లో ఆర్డర్ ఇవ్వొద్దు. లైసెన్స్, పిస్టల్ రెండూ తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. ఆనుకుందా, క్లిక్ మందా, కిందికి లాగితే ఊడుతుందా.

బెల్ ఆఫ్ ఆర్మ్స్

కరెక్ట్. దానికి తోడు పాతది కొనేటప్పుడు నేను చూసేవి చెబుతా.

ముందు వేలితో పలకను కిందికి నొక్కి వదలాలి. టక్కున పైకి రావాలి. నిదానంగా, అటో ఇటో వాలుతూ వచ్చిందంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. తర్వాత డబ్బా పక్కలను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడాలి, సొట్ట ఉంటే నీడ విరుగుతుంది. కంటికి కనిపించనంత సొట్ట కూడా పలకను పట్టేస్తుంది. పైన రెండు అంచుల మూలల్లో, వంపు తిరిగే చోట, వెంట్రుక లాంటి గీత ఉందేమో భూతద్దం పెట్టి చూడండి. అది పగులు. ఈ రోజు పని చేస్తుంది, రేపు చేయదు. దాన్ని ఏ మేస్త్రీ అతికించలేడు. పైన కొత్తగా నల్లరంగు వేసి ఉంటే ఎందుకేశారని అడగండి.

తుప్పు మచ్చ బయట ఉంటే పెద్ద భయం లేదు. లోపల ఉంటే వద్దు.

డీలర్ దగ్గర పేలని డమ్మీ తూటాలుంటే ఏడూ పెట్టి చేత్తో స్లైడ్ లాగి చూడండి. అది సగం పరీక్షే, మిగతా సగం రేంజ్‌లో. పొలంలో, తోటలో కాల్చి చూడొద్దు. 2019 సవరణ తర్వాత సంబరాల కాల్పులకైతే రెండేళ్ల దాకా జైలు. గాల్లోకి పేల్చి ‘టెస్ట్ చేస్తున్నా’ అంటే ఎస్ఐ వినడు.

కొలిమి

సార్, ఒక డౌటు. మ్యాగజైన్ ఎప్పుడూ నింపి పెడితే స్ప్రింగు పోతుందని మా తాత అనేవాడు. నెలకోసారి ఖాళీ చేసి ‘విశ్రాంతి’ ఇచ్చేవాడు.

బెల్ ఆఫ్ ఆర్మ్స్

తాతల కాలం నుంచీ ఉన్న మాటే. మంచి ఉక్కు స్ప్రింగు అణిగి ఉండటం వల్ల పెద్దగా చెడదు. అణగడం, సాగడం పదే పదే జరిగితేనే అలుస్తుంది. మీ తాత ఇచ్చిన విశ్రాంతే దానికి పని. నాసిరకం స్ప్రింగైతే ఎలా పెట్టినా కుంగుతుంది. ఇంట్లో పిల్లలుంటే మాత్రం ఖాళీగా పెట్టండి, తూటాలు వేరే తాళంలో. అది స్ప్రింగు కోసం కాదు.

డల్లాస్ సీమోడు

సూట్‌కేసు ఆలోచన మానుకున్నా. మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి ఇప్పటికే క్లాసు పీకింది. ఆవకాయ తెచ్చుకోవడానికే వస్తున్నా.

పెన్నా ఒడ్డు

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి.

ముందు పాత మ్యాగజైన్‌ను రిపేరు లైసెన్స్ ఉన్న ఒక గన్ హౌస్‌కు ఇచ్చాను. ఆయన పలక, స్ప్రింగు బయటికి తీసి తెల్ల కాగితం మీద పెట్టాడు. స్ప్రింగు మెలికల మధ్య గోధుమరంగు జిగురు, బెల్లం పాకం ముదిరినట్టు. దానిలో అతుక్కుని కుంకుమ రేణువులు కూడా ఉన్నాయి. గోటితో గీకితే చుట్టలుగా వచ్చింది. కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టాక పలక టక్కున పైకొచ్చింది. స్ప్రింగు కూడా కొంచెం కుంగిందనీ, కానీ దానికి తగ్గది తన దగ్గర లేదనీ చెప్పాడు.

ఆరు వేలది కూడా అడిగి చేతిలోకి తీసుకుని చూశాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్ సార్ చెప్పినట్టు నొక్కి వదిలితే పలక ఎడమకు వాలి వచ్చింది. తయారీదారు పేరు బిల్లు మీద రాయమంటే ‘అదంతా ఎందుకు సార్’ అన్నాడు. వద్దన్నాను.

18 వేలది బేరమాడితే 15కు వచ్చింది. క్లిక్ మంది, ఆనింది, మూలల్లో గీతల్లేవు. బిల్లు మీద లైసెన్స్ నంబరు, పిస్టల్ నంబరు రెండూ వేశారు. దానికి ఒక చుక్క, పాతదానికి రెండు చుక్కలు పెట్టాను. నెయిల్ పాలిష్ మా పాపది, మెరుపుల రంగు.

రేంజ్‌లో ఇప్పుడు కొన్నదానితో ముప్పై ఐదు కాల్చాను, ఒక్కటీ ఆగలేదు. కడిగిన పాతదానితో ముప్పై ఐదు కాల్చాను. ఒక్కసారి ఆగింది, అదీ ఏడో తూటాకు. అంటే జిగురే ముఖ్యమైన దొంగ, స్ప్రింగు వాడికి తోడు. పాతదాన్ని రేంజ్‌కే ఉంచుతున్నా.

ఇరవై ఐదు మీటర్లు

సూపర్. తూటా అంచుల సంగతి చూసుకున్నారా?

పెన్నా ఒడ్డు

చూసుకున్నా. ఇప్పుడు ఏడు పెట్టడానికి రెండు నిమిషాలు పడుతోంది, నాన్న పక్కన కూర్చుని ‘నేనైతే చీకట్లో పెట్టేవాణ్ని’ అంటున్నాడు.

టవర్ క్లాక్

వచ్చే దసరాకు ఏం నూనె మరి?

పెన్నా ఒడ్డు

పసుపు కుంకుమ పెట్టె మీద పెడతాం, పిస్టల్ మీద కాదు. కొబ్బరినూనె సీసాను బీరువాలోంచి తీసి మా అమ్మ వంటింట్లో పెట్టేసింది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు.